ఘటమాల యోగక్షేమములు



ఒకటికంటె ఎక్కువ బ్యాటరీలు ఒక్క యంత్రమునందు కలసి పనిచేయునపుడు వానిని ఏ విధముగా నింపవలెను, ఏ విధముగా వాడుకొనవలెను అను విషయమును గూర్చి ఈ సాయంకాలము మీతో కొంత ముచ్చటింపదలచితిని. వ్యాకరణము, కావ్యము, తర్కము చదువుకొని, పల్లెటూరి పాఠశాలలో బాలురకు తెలుగు చెప్పుచు ఉద్యోగకాలమును గడపిన నా బోటివానికి విద్యుచ్ఛక్తితో పని యేమియని మీలో కొందఱు తలపవచ్చును. పని యున్నది. అది ఎట్టిదో క్రమముగా మనవి చేసెదను.

బ్యాటరీ లేని యిల్లు నేడు మన గ్రామములలో అరుదు. చేతిలోని ఫోను, గోడమీది గడియారము, రాత్రివేళ పొలమునకు పోవునపుడు పట్టుకొను టార్చిలైటు, పైరుకు మందు చల్లు స్ప్రేయరు, కరెంటు పోయినపుడు పంకా త్రిప్పు ఇన్వర్టరు, వీధిలో చప్పుడు లేక సాగిపోవు విద్యుత్ ఆటో, వీని కన్నిటికిని ప్రాణాధారము బ్యాటరీయే. ఒక్క ఘటమును పోషించుట సులభము. రెండు గాని, నాలుగు గాని, నూఱు గాని కలసినపుడు ఒకదాని దోషము మఱియొకదానికి సోకును. ఈ సంగతి తెలియక ధనము పోగొట్టుకొన్నవారు మన గ్రామములలో నున్నారు. నిప్పంటుకొని ఇల్లు పోగొట్టుకొన్నవారును దేశములో నున్నారు. కావున దీనిని యువకులకే వదలివేయరాదు. ఇంటికి ఏ వస్తువు కొనవలెనన్నను, దేవాలయమునకో గ్రంథాలయమునకో ఏది తెప్పింపవలెనన్నను, తుదకు మీ వంటి పెద్దల మాటయే గదా నడచునది!

మొదట పేరును విచారింతము. మన తెలుగు విజ్ఞానశాస్త్ర పుస్తకములలో ఒక్కొక్క సెల్లునకు విద్యుత్ ఘటమనియు, అట్టివానిని కూర్చినదానికి ఘటమాల యనియు పేరు. ఇంగ్లీషువారి బ్యాటరీ యను మాటకు పూర్వార్థము వరుసగా నిలిపిన ఫిరంగుల సమూహము. 18వ శతాబ్దమున అమెరికా దేశీయుడైన బెంజమిన్ ఫ్రాంక్లిను విద్యుత్తును పట్టియుంచు గాజుజాడీలను కొన్నింటిని కలిపి, ఆ కూటమికి ఆ పేరు వాడెను. 1800 సంవత్సరమున ఇటలీ దేశస్థుడగు అలెస్సాండ్రో వోల్టా రెండు వేఱు లోహముల బిళ్లలను, వాని నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కలను ఒకదానిపై నొకటి పేర్చి, నిలుకడగల విద్యుత్ప్రవాహమును సాధించినట్లు లోకమునకు తెలిపెను. వోల్టు అను కొలత ఆయన పేరిటనే వెలసినది. చూచితిరా! పుట్టుకనుండియు బ్యాటరీ యనగా సమూహమే.

వోల్టా కూర్చినది ఒకమాఱు శక్తి యుడిగిన పిమ్మట మరల నింపుటకు వీలుకానిది. మనము టార్చిలో వేయు పొడి సెల్లును అట్టిదే. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లమునందు ముంచి, మాటిమాటికి నింపుకొనదగిన బ్యాటరీని కనిపెట్టెను. మన ఇన్వర్టరుల క్రింద నుండు సీసపు బ్యాటరీ దాని సంతతిలోనిదే. 1991లో జపాను దేశమున లిథియం అయాన్ బ్యాటరీ అంగడిలోనికి వచ్చెను. నేటి ఫోనులలోను విద్యుత్ వాహనములలోను ఉండునవి ఈ లిథియం జాతివే. దీని యభివృద్ధికి పాటుపడిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగిరి.

కుండలో నీరు పోసినట్లు ఘటములో విద్యుత్తును పోసి యుంతురని భావింపరాదు. ఘటములో నుండునవి కొన్ని ద్రవ్యములు. అవి ఒక స్థితినుండి మఱియొక స్థితికి మాఱునపుడు విద్యుత్తు వెలువడును. బయటినుండి విద్యుత్తును ఎదురు నడపినచో ఆ ద్రవ్యములు మరల మొదటి స్థితికి వచ్చును. మొదటిది వాడుక, రెండవది నింపుడు. ఈ రాకపోకలకు రెండు వైపులను పొలిమేరలు కలవు. నింపుటలో పై పొలిమేర దాటినను, వాడుటలో క్రింది పొలిమేర దాటినను, లోపలి ద్రవ్యములు తిరిగి రాని మార్పును పొందును. లిథియం అయాన్ ఘటములలో మిక్కిలి వాడుకలో నున్న రకమునకు పై పొలిమేర 4.2 వోల్టులు, క్రింది పొలిమేర సుమారు 3 వోల్టులు. సీసపు ఘటము ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులది. ఆఱు ఘటములు కూడి మనము 12 వోల్టుల బ్యాటరీ యనునది ఏర్పడును. అనగా మీరు ఒక్క బ్యాటరీ యనుకొని కొన్నది నిజమునకు ఆఱు ఘటముల కుటుంబము.

ఇక ఘటములను కలుపు విధములు రెండు. వీనిని తెలిసికొనుటకు మన పూర్వుల ఏతములను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. లోతైన బావినుండి మెరక పొలమునకు నీరెక్కింపవలసి వచ్చినపుడు ఏతము పైన ఏతము వేసెడివారు. క్రింది ఏతము తోడిన నీటినే పై ఏతము మరల పైకెత్తును. దీనివలన ఎత్తు రెండింతలగును. నీటి మొత్తము మాత్రము ఒక ఏతపు నీరే. ఘటముల నిట్లు ఒకదాని కొన మఱియొకదాని మొదటికి తగిలించి కలుపుటను శ్రేణి సంధానమందురు. దీనిలో వోల్టులు కూడును. కొలది, అనగా ఆంపియర్-అవర్ లెక్క, మాఱదు. ఒకే బావిపై రెండు ఏతములను ప్రక్కప్రక్కల నిలిపినచో ఎత్తు మాఱదు, నీరు రెండింతలగును. ఇది సమాంతర సంధానము. దీనిలో కొలది కూడును, వోల్టులు మాఱవు. 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్ గల బ్యాటరీలు రెంటిని శ్రేణిలో కలిపిన 24 వోల్టులు, 150 ఆంపియర్-అవర్ అగును. సమాంతరముగా కలిపిన 12 వోల్టులు, 300 ఆంపియర్-అవర్ అగును. రెండు విధముల యందును కూడబెట్టిన శక్తి సమానమే. ఏ యంత్రమునకు ఏది కావలయునో అది దాని తయారీదారు నిర్ణయించును.

ఏతము మీద ఏతములో ఒకటి కుంటుపడినచో రెండవది ఊరక యుండవలసినదే గదా! శ్రేణిలోని ఘటముల స్థితియు అట్టిదే, అంతకంటె కష్టతరము కూడను. ఒక్క ఉదాహరణము చెప్పెదను. నాలుగు లిథియం ఘటములను శ్రేణిలో కూర్చినారనుకొందము. మూడింటికి 10 ఆంపియర్-అవర్ కొలది. ఒకటి మాత్రము వయసుచేతనో, వేడిచేతనో కృశించి 8కి దిగినది. శ్రేణిలో అన్నింటి గుండ పాఱునది ఒకే ప్రవాహము. కావున 8 ఖర్చగుసరికి ఆ దుర్బల ఘటము ఖాళీ యగును. తక్కినవానిలో ఇంకను రెండేసి మిగిలి యుండును. అప్పుడు యంత్రమును ఆపనిచో, బలముగల మూడును కలసి ఆ ఖాళీ ఘటము గుండ బలవంతముగా ప్రవాహమును త్రోయును. అది క్రింది పొలిమేర దాటిపోవును. లిథియం ఘటము మిక్కిలిగా అట్లు దిగిపోయినచో దానిలోని రాగిరేకు కరగుట కారంభించును. పిమ్మట నింపునపుడు ఆ రాగి మరల పేరుకొని ఘటము లోపలనే షార్టు సర్క్యూటు కలుగవచ్చును. అది నిప్పునకు మూలము.

నింపుటలోను ఆపద దీనికే. ఈ నాలిగింటిని నింపు ఛార్జరు మొత్తమును మాత్రమే చూచునదైనచో, నాలుగు 4.2లు కలసి 16.8 వోల్టులు కాగానే నిండినదని నిశ్చయించును. దుర్బల ఘటము చిన్నది గనుక ముందుగా నిండి, 4.5 వోల్టులకు ఎగబ్రాకినదనుకొనుడు. తక్కిన మూడును 4.1 దగ్గఱనే యున్నవి. మూడు 4.1లు 12.3, దానికి 4.5 కలుపగా సరిగ 16.8! మొత్తము ఒప్పుగానే యున్నది. లోపల మాత్రము ఒకటి పొలిమేర దాటి పొంగుచున్నది. మూడు అర్ధాకలితో నున్నవి.

తర్కశాస్త్రము చదివినవారు స్థాలీపులాక న్యాయము నెఱుగుదురు. కుండలోని ఒక్క మెతుకు పట్టి చూచిన అన్నమంతయు ఉడికినదో లేదో తెలియును. ఆ న్యాయము అన్నమునకు చెల్లును. ఏలయన కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే వేడిమిలో ఉడికినవి. ఘటమాలకు ఆ న్యాయము చెల్లదు. ఒక ఘటమును చూచి మఱియొకదానిని ఊహింపరాదు. మొత్తమును చూచి దేనినిగూర్చియు నిశ్చయింపరాదు. ప్రతిఘటమును విడివిడిగా కొలువవలసినదే. ఈనాటి నా ప్రసంగమున ముఖ్యాంశ మిదియే.

అట్లు విడివిడిగా కొలుచు పనిని లిథియం బ్యాటరీలలో ఒక చిన్న పలక చేయుచున్నది. దానికి బ్యాటరీ మేనేజిమెంటు సిస్టమని పేరు. మన చెఱువుల క్రింద నీరుగంటి యుండెడివాడు. కొన్ని సీమలలో నీరటి యందురు. ఏ తూము ఎంతసేపు తెఱవవలెనో, ఎవరి మడి నిండినదో, ఎవరి మడి ఎండినదో చూచి, వంతుప్రకారము నీరు విడుచుట ఆతని పని. ఈ పలకయు ఘటమాలకు నీరుగంటి వంటిది. ప్రతిఘటము యొక్క వోల్టులను చూచుట, వేడిమిని చూచుట, పాఱు ప్రవాహమును చూచుట, వీనిలో ఏది మేర మీఱినను దారి మూసివేయుట దీని విధులు. ఒక్క ఘటము నిండినంతనే నింపుట ఆపించును. ఒక్క ఘటము ఎండినంతనే వాడుక ఆపించును. మీ వాహనము ఇంకను కొంత శక్తి మిగిలియుండగనే నిలిచిపోయినచో దానిని శత్రువుగా తలపకుడు. అది బలహీనుని కాచుచున్నది.

ఆపుటయేకాక, సరిచేయుటయు దీని పనియే. దానికి రెండు మార్గములు కలవు. మొదటిది, ముందు నిండిన ఘటమునకు ప్రక్కన నొక చిన్న నిరోధకమును తగిలించి, దాని యెక్కువను కొంచెము కొంచెముగా వేడిమిగా ఖర్చు చేయుట. నిండిన మడి గట్టున చిన్న గండి పెట్టి నీరు వదలుట వంటిది. కొంత శక్తి వృథా యగును గాని ఏర్పాటు చవుక, సులభము. రెండవది, నిండినదాని యెక్కువను తీసి కొఱతపడినదానికి చేర్చుట. ఇది నిండిన మడినుండి ఎండిన మడికి నీరు మళ్లించుట వంటిది. శక్తి మిగులును గాని యంత్రము చిక్కైనది, వెల హెచ్చు. సామాన్యముగా మన వాడుక వస్తువులలో నుండునది మొదటి మార్గమే.

నింపు వేగము సంగతియు చెప్పవలయును. సన్నని మెడ గల కుండను నింపు నేర్పరి మొదట ధారాళముగా పోసి, నీరు మెడ దాకగనే ధారను సన్నము చేయును. లిథియం ఛార్జరు చేయు పనియు అదియే. ఘటము 4.2 వోల్టులు చేరువఱకు ప్రవాహమును తగ్గింపక పోయును; అటుపిమ్మట వోల్టులను అక్కడనే నిలిపి, ప్రవాహమును క్రమముగా సన్నగిలనిచ్చి, మిక్కిలి తగ్గిన పిదప ఆపును. మీ ఫోను మొదటి సగము త్వరగా నిండి, తుది భాగము ఆలసించుటకు కారణమిదే. అందుచేతనే ఏ బ్యాటరీకి ఏర్పఱచిన ఛార్జరును దానికే వాడవలెను. సీసపు బ్యాటరీ ఛార్జరును లిథియం బ్యాటరీకి తగిలించుట ఆబోతు పగ్గముతో లేగదూడను కట్టుట వంటిది.

కొన్ని ఫోనులలో ఒక పెద్ద ఘటమునకు మాఱుగా రెండు చిన్న ఘటము లుంచుచున్నారు. ఏలయన, రెంటిని శ్రేణిలో నింపినపుడు వోల్టులు రెండింతలై, అంతే శక్తికి ప్రవాహము సగము చాలును. తీగలో పుట్టు వేడిమి ప్రవాహము యొక్క వర్గమును బట్టి యుండును. ప్రవాహము సగమైన వేడిమి నాలుగవ వంతగును. అందుచే త్వరగా నింపవచ్చును. వాడునపుడు లోపలి యంత్రము ఆ వోల్టులను మరల సగము చేసి ఇచ్చును.

వేఱువేఱుగా రెండు బ్యాటరీలు గల ల్యాప్‌టాప్ కంప్యూటరులును కలవు. వానిలో సమస్య మఱియొక రకము. రెండును ఒకేస్థాయిలో నుండవు. రెంటిని నేరుగా కలిపినచో నిండినది ఖాళీదానిలోనికి ఒక్కపెట్టున ప్రవహించును. అది జరుగకుండుటకై లోపల ఒకవైపు మాత్రమే తెఱచుకొను తలుపుల వంటి పరికరము లుంచుదురు. వానిలో పూర్వమునుండి వాడుకలో నున్నది డయోడు. నేడు పెక్కింట దాని స్థానమున శక్తిని తక్కువగా వ్యర్థము చేయు ట్రాన్సిస్టరు మీటలు నుంచుచున్నారు. సాధారణముగా యంత్రము మొదట ఒకదానిని వాడి, అది తగ్గిన పిదప రెండవదానికి మాఱును. నింపునపుడును ఒకదాని వెనుక ఒకటి నింపును. ఈ వంతుల ఏర్పాటు వలన బయటికి తీయదగిన బ్యాటరీని, రెండవదానిలో శక్తి యున్నంతవఱకు, పని ఆపకయే మార్చుకొనవచ్చును.

ఇదంతయు యంత్రములోనే యున్నది గదా, మనము చేయవలసిన దేమియని అడుగవచ్చును. కాని మన ఇన్వర్టరుల క్రింది సీసపు బ్యాటరీలకు సాధారణముగా ఇట్టి నీరుగంటి లేడు. అక్కడ ఆ పని గృహస్థునిదే. దీనికి నేను కన్నులార చూచిన ఒక ఉదంతము చెప్పెదను. ఒక గ్రామ గ్రంథాలయమున పిల్లలు రాత్రివేళ చదువుకొనుటకై చందాలు వేసికొని, రెండు బ్యాటరీలతో 24 వోల్టుల ఇన్వర్టరు పెట్టించిరి. నాలుగేండ్లకు ఒక బ్యాటరీ చెడినది. రెండవది నడచుచున్నది గనుక, సంఘమువారు పొదుపు కోరి ఒక్కదానినే క్రొత్తది తెచ్చి పాతదానితో జతచేసిరి. సంవత్సరము తిరుగక మునుపే క్రొత్తది నీరసించినది. అమ్మినవాడు మోసగించెనని తగవు బయలుదేఱెను.

నేను మల్టీమీటరు తెప్పించి, సంఘసభ్యులయెదుట ఒక్కొక్క బ్యాటరీని విడివిడిగా కొలిపించితిని. నింపునపుడు మొత్తము 28.8 వోల్టులు, అనగా ఒక్కొక్కదానికి 14.4 ఉండవలెను. పాతదానిపై 15.4, క్రొత్తదానిపై 13.4 కనిపించెను. పాతది కృశించినది గనుక ముందే నిండి పొంగి, నీరు ఆవిరి చేసికొనుచున్నది. దాని పొంగు చూచి ఛార్జరు నింపుట తగ్గించుటచే క్రొత్తది ఏనాడును కడుపునిండ తినలేదు. సీసపు బ్యాటరీ చిరకాలము సగము ఆకలితో నున్నచో దాని పలకలపై సీసపు గంధకితము గట్టిపడి పేరుకొని, అవి మరల పనికి రాకుండపోవును. వాడునపుడు మొత్తము 21 వోల్టులకు దిగిన యంత్రము ఆగవలెను. ఆ వేళ క్రొత్తదానిపై 12, పాతదానిపై 9 ఉండెను. రెండును కలసి 21 గనుక యంత్రమునకు దోషము తోచలేదు. పాతదాని ప్రాణము మాత్రము పోవుచుండెను. అమ్మినవాని తప్పు ఇందు లేదని అందఱును గ్రహించిరి; తగవు తీఱినది. ముసలియెద్దును కోడెను ఒక కాడికి కట్టి, బండి నడువలేదని కోడెను కొట్టిన లాభమేమి?

కావున, శ్రేణిలోని బ్యాటరీలను మార్చవలసినపుడు ఒక్కమాఱే అన్నింటిని మార్చుడు. ఒకే తయారీ, ఒకే కొలది, ఒకే వయసు గలవానినే జతచేయుడు. ఒకటి మిగిలియున్నచో దానిని 12 వోల్టుల చిన్న పనికి వేఱుగా వాడుకొనవచ్చును. నెలకొకమాఱు ప్రతి బ్యాటరీని విడిగా కొలిచి ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. నింపుట ఆపి, కొన్ని గంటలు ఏ పనియు చేయింపక ఉంచిన నిండు సీసపు బ్యాటరీ సుమారు 12.6, 12.7 వోల్టులు చూపును. రెంటి నడుమ భేదము నెలనెలకు పెరుగుచున్నచో, తెలిసిన పనివానిని పిలువవలసిన సమయము వచ్చినదని గ్రహింపుడు. రెంటిని సరిచేయు బ్యాలన్సరు అను చిన్న పరికరమును అంగడిలో దొరకును. సమాంతరముగా కలిపినపుడు రెంటి వోల్టులను ముందుగా సమము చేసి కలుపవలెను. యంత్రమునకు పోవు తీగలలో ఒకటి మొదటి బ్యాటరీనుండి, రెండవది చివరి బ్యాటరీనుండి తీసినచో భారము సమముగా పడును.

నీరు పోయు రకము బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరునీటిలోని లవణములు పలకలను చెఱచును. మట్టము తగ్గినదని ఆమ్లము పోయరాదు. ఆవిరియై పోయినది నీరే గాని ఆమ్లము కాదు. తుది దశలో నింపునపుడు ఈ బ్యాటరీలనుండి హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో అది నూటికి 4 పాళ్లు చేరినచో నిప్పురవ్వకు అంటుకొనును. కావున గాలి ఆడని గదిలో బ్యాటరీ నుంచుట, దాని చెంత దీపము వెలిగించుట, అగరువత్తి గ్రుచ్చుట, ఆయుధపూజనాడు దానిపైననే కర్పూరము వెలిగించుట తగదు. పూజ మానుమని నేననుట లేదు. పసుపు కుంకుమలు చాలును; హారతి దూరమునుండి ఇయ్యవచ్చును. పనిచేయునపుడు ఉంగరములు, కడియములు తీసి ఉంచవలెను. రెండు ధ్రువములకు లోహము తగిలినచో అది క్షణములో కాలును.

లిథియం ఘటముల అపాయమునకు రెండు దృష్టాంతములు చాలును. 2013 జనవరి 7న అమెరికాలోని బోస్టను విమానాశ్రయమున, ప్రయాణికులు దిగిన పిమ్మట నిలిచియున్న బోయింగు 787 విమానమునందలి ఎనిమిది ఘటముల బ్యాటరీలో నిప్పు పుట్టెను. ఒక్క ఘటములో లోపలి షార్టు కలిగి, దాని వేడిమి ప్రక్క ఘటములకు వరుసగా సోకినదని అధికారుల విచారణలో తేలెను. ఆ నెలలోనే మఱియొక విమానమునను బ్యాటరీ పొగలు వెడలుటచే, ఆ జాతి విమానముల నన్నిటిని నేలపై నిలిపివేసి, బ్యాటరీ ఏర్పాటును మార్చిన పిదపనే ఎగురనిచ్చిరి. మన దేశమున 2022లో పలుచోట్ల విద్యుత్ స్కూటరులు కాలినవి, ప్రాణనష్టమును కలిగెను. అంతట కేంద్రప్రభుత్వమువారు వాహనముల బ్యాటరీ పరీక్షల నిబంధనలను కఠినము చేసి, 2022 డిసెంబరు 1, 2023 మార్చి 31 అను రెండు తేదీలనుండి విడతలుగా అమలుపఱచిరి. ఘటము లోపల పుట్టిన దోషమును ఎంతటి నీరుగంటియు ముందుగా ఆపలేడు. అందుచే ఘటముల నడుమ ఎడమును, పొగ పోవు దారియు, పెట్టె గట్టితనమును అవసరములు. అట్టి పెట్టెను తెఱచి, చెడిన ఘటమును తీసి మఱియొకటి అతికించుకొనుట ఎవరు చవుకగా చేసెదమన్నను ఒప్పుకొనకుడు. ఉబ్బిన ఫోను బ్యాటరీని నొక్కుట, గ్రుచ్చుట, నింపుట కూడదు. రాత్రి అందఱు నిద్రించువేళ, మెట్ల క్రింద, తలుపునకు అడ్డముగా వాహనమును నింపుట మానుడు. నిప్పు పుట్టినచో పాఱిపోవు దారి అదియే.

వైద్యుడు వాతశరీరమునకును పిత్తశరీరమునకును ఒకే పథ్యము చెప్పడు గదా. సీసపు బ్యాటరీని వాడక ఉంచవలసినచో నిండుగా నింపి ఉంచవలెను. నడుమ నడుమ మరల నింపుచుండవలెను. లిథియం బ్యాటరీని చాలకాలము ఊరక ఉంచవలసినచో సుమారు సగము నింపి చల్లని చోట ఉంచుట మేలు. నిండుదనమును వేడిమియు కూడి దానిని త్వరగా ముసలిదానిని చేయును. మన వేసవి యెండలో మూసిన కారులో ఫోనును వదలుట దానికి శిక్షయే. టార్చిలో పొడి సెల్లులు వేయునపుడును పాతదానిని క్రొత్తదానితోను, ఒక రకమును వేఱొక రకముతోను కలుపరాదు. ముందు ఎండినదానిని తక్కినది బలవంతపెట్టగా అది చెడి రసము కార్చును; టార్చి తుప్పుపట్టును. మరల నింపరాని సెల్లును ఛార్జరులో పెట్టరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆయువు తీఱిన బ్యాటరీని పెంటకుప్పపై వేయకుడు. సీసము విషము, పసిపిల్లల మెదడునకు విశేషముగా హాని చేయును. పెరటిలో సీసము కరగించువారికి అమ్ముట మన మట్టికి, మన నీటికి ద్రోహము. 2022లో కేంద్రప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము తయారీదారులు పాతవానిని సేకరించి శుద్ధిచేయించు బాధ్యత వహింపవలెను. క్రొత్తది కొను అంగడిలోనే పాతది ఇచ్చి, దాని విలువ తగ్గించుకొని రసీదు పుచ్చుకొనుడు.

పెద్దలు యోగక్షేమములని రెండు మాటలను జంటగా వాడుదురు. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. బ్యాటరీని కొనుటయు నింపుటయు యోగము. అది అందఱకు తెలియును. క్షేమము మాత్రము, కూటమిలో ఎవడు బలహీనుడో విడిగా చూచి, వానిమీద భారము మితిమీఱకుండ కాచుటలో నున్నది. ఉమ్మడి కుటుంబములను నడపిన మీకు ఈ మర్మము క్రొత్త కాదు. ఒక మల్టీమీటరు, ఒక కాగితము, నెలకు పావుగంట తీరిక, ఇంతమాత్రమే కావలయును. మీ మనుమనిచేత కొలిపించి, మీరు కాగితముపై వ్రాయుడు. వానికి లెక్క వచ్చును. మీకు నిశ్చింత కలుగును.